చలి తెలియని లోయ

చులూన్ కుడిచేతి వేళ్ళు మూడు బొగ్గుల్లా నల్లబడి ఉన్నాయి. అతను ఆ వేళ్ళతోనే బల్ల మీద తాళం వేస్తున్నాడు.

టక్, టక్, టక్. ఎండుపుల్లలతో కొడుతున్నట్టుంది చప్పుడు.

"అలా కొట్టకు తమ్ముడూ, ఊడొస్తాయి" అంది నర్సు.

"ఊడొస్తే నీకు కోసే పని తప్పుతుంది కదక్కా" అని నవ్వాడు చులూన్.

గుమ్మంలో నిలబడ్డ తిరుపతమ్మకి నవ్వు రాలేదు. మండల ఆసుపత్రి నుంచి కబురొస్తే పరుగున వచ్చింది. చులూన్ ఎవరో కాదు, ఆమె ప్రయోగం జరిగిన లోయలో నాలుగు వందల గొర్రెలు మేపుకునే కాపరి. ముప్పై అయిదేళ్ళవాడు. నడక రాకముందే గుర్రమెక్కినవాడు. అలాంటివాడు చలికి వేళ్ళు పోగొట్టుకోవడమంటే చేప నీళ్ళలో మునిగి చావడమే.

"ఎన్నాళ్ళయింది ఇలా అయి?"

"వారం. మా ఆవిడ పోరు పడలేక వచ్చాను డాక్టరమ్మా. నాకేం నొప్పి లేదు."

"ఎలా జరిగింది?"

"తెలిస్తే జరగనిస్తానా? దొడ్డి కంచె తెగితే రోజంతా ఇనపతీగ బిగించాను. చేతి తొడుగులు ఇంట్లో మర్చిపోయాను. చలేస్తే గుర్తొచ్చేవేమో." భుజాలెగరేశాడు. "మూడేళ్ళుగా చలికాలాలు మెత్తబడ్డాయి కదా."

తిరుపతమ్మ కిటికీ బయట వేలాడుతున్న థర్మామీటరు చూసింది. సున్నాకి కింద ముప్పై ఎనిమిది. చలికాలం ఏమీ మెత్తబడలేదు.

నర్సు కత్తెర తీసింది. మత్తు సూది గుచ్చబోతే చులూన్ వద్దన్నాడు. అతని వేళ్ళు ఒక్కొక్కటే పింగాణీ పళ్ళెంలో పడుతుంటే, ఈ ఏడు పుట్టబోయే గొర్రెపిల్లల లెక్క చెబుతూ కూర్చున్నాడు. మందలో మూడొంతులు చూలుతో ఉన్నాయట. అంతా మీ పూత చలవే డాక్టరమ్మా అన్నాడు.

*

పూత అన్న పేరు కాపరులు పెట్టిందే.

మంగోలియా ఏ దిక్కుకి పోయినా సముద్రం అందని దేశం. ఉత్తరాన సైబీరియా గాలి, దక్షిణాన గోబీ ఎడారి, నడుమ ఖంగాయ్ కొండలు. ఆ కొండల్లో పుట్టిన ఏళ్ళు దక్షిణానికి ఉరికి, ఏ కడలినీ చేరకుండానే ఎడారి అంచున ఉప్పు చెరువుల్లో ఇంకిపోతాయి. చలిని కాస్త తగ్గించే సముద్రపు గాలి లేదు. అందుకే ఎండైనా చలైనా ఇక్కడ ముదిరి పాకాన పడుతుంది.

మందలు చచ్చేది మాత్రం చలికి కాదు, ఆకలికి. నడి చలికాలంలో ఒకరోజు ఎండ కాస్తుంది. మంచు కరిగి గడ్డి తడుస్తుంది. సాయంత్రానికి ఆ తడి మళ్ళీ బిగుసుకుంటుంది. కనుచూపు మేరా మైదానం మీద అద్దం పరిచినట్టవుతుంది. దాన్ని ఇనప జుద్ అంటారు. గొర్రెలు గిట్టలు పగిలి నెత్తురు కారేదాకా గీకుతాయి. అద్దం కింద గడ్డి కనబడుతూనే ఉంటుంది, నోటికి అందదు. ఒక్క జుద్‌తో లక్షల జీవాలు నిలువునా ఎండి చస్తాయి.

తిరుపతమ్మ నందిగామ పక్కన గొర్రెలు కాసుకునే ఇంట పుట్టింది. ఒక తుఫానుకి నాన్న మంద సగం కొట్టుకుపోతే, మిగతా సగాన్ని అమ్మి ఆమెను చదివించాడు. సూక్ష్మజీవుల మీద డాక్టరేటు చేసి, ఎక్కడెక్కడో తిరిగి, చివరికి మళ్ళీ గొర్రెల దగ్గరికే వచ్చింది. ధ్రువ సముద్రాల చేపల నెత్తుటిలో ఒక ప్రోటీన్ ఉంటుంది. అది నీటిని గడ్డకట్టనివ్వదు. ఆ ప్రోటీన్ తయారుచేసే గుణాన్ని ఆమె గడ్డి ఆకుల మీద బతికే ఒక సూక్ష్మజీవికి అంటించింది. ఒక్కసారి చల్లితే చాలు, అది లోయంతా పాకుతుంది. ఆ గడ్డిని మంచు కరుచుకోదు. గిట్ట తగలగానే పెంకులా లేచిపోతుంది.

మొదటి ప్రయోగం చులూన్ లోయలో చేశారు. గట్టు అవతల దోల్గోర్ అనే విధవరాలి లోయను మాత్రం ముట్టుకోలేదు. పోల్చి చూడాలంటే పూత లేని లోయ ఒకటి ఉండాలి కదా. రెండు చలికాలాలు రెండు విడుదుల మనుషులకీ నెలనెలా పరీక్షలు చేశారు. అందులో ఐస్ నీళ్ళ పరీక్ష ఒకటి. చెయ్యి ముంచి ఎంతసేపు ఉంచగలరో చూడాలి. చులూన్ ఇంటివాళ్ళు నాలుగు నిమిషాలు ఉంచారు. పూత మనుషులకేమైనా చేస్తోందా అని తిరుపతమ్మకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కానీ దోల్గోర్ ఇంటివాళ్ళూ నాలుగు నిమిషాలే ఉంచారు. రెండిళ్ళూ సమానమే. మైదానపు మనుషుల మొండితనమని రాసి సంతకం పెట్టింది.

ఆ సంతకంతో పూత మూడు రాష్ట్రాలకి పాకింది.

*

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ప్రయోగశాల ఆవరణలోనే వాళ్ళ గెర్. గుండ్రటి కంబళి గుడారం, నడుమ ఇనప పొయ్యి. లోపల కోటిలింగం బనియనుతో కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. అతను పశువుల డాక్టరు. చిల్లకల్లు ఆసుపత్రిలో దీర్ఘకాలపు సెలవు పెట్టి పెళ్ళాం వెంట వచ్చాడు.

"ఏమేవ్, వచ్చావా? గోంగూర అడుగంటింది. చివరి చెంచా నీకోసం ఉంచా. నా త్యాగం చూడు."

"పొయ్యి ఆరిపోయిందేమండీ?"

కోటిలింగం వెనక్కి తిరిగి చూశాడు. "ఆరిపోయిందా? ఎప్పుడు?"

బిందెలో నీళ్ళ మీద మంచు పొర తేలుతోంది. తిరుపతమ్మ నోట్లోంచి ఆవిరి వస్తోంది. అతని నోట్లోంచీ వస్తోంది.

"చూసుకోలేదా?"

"చలేస్తే కదా పొయ్యి సంగతి గుర్తొచ్చేది! నీదే వింత. అయిదేళ్ళయినా నీ ఒళ్ళు నందిగామ దాటి రాలేదు. నన్ను చూడు, ఎప్పుడో ఈ ఊరివాణ్ణయిపోయా" అని మరో ముద్ద కలిపాడు.

ఆ పెరుగు చులూన్ ఇంటి పాలది. చలి మొదలయ్యాక పితికిన పాలని ఇక్కడివాళ్ళు గిన్నెల్లో గడ్డకట్టించి, బిళ్ళలుగా తీసి, సంచుల్లో వేసి బయట వేలాడదీస్తారు. చలికాలమంతా నిలవ ఉంటాయి. కోటిలింగం రోజుకో బిళ్ళ కరిగించి తోడు పెడతాడు. పెరుగు లేనిదే అన్నం తిన్నట్టుండదు అతనికి.

తిరుపతమ్మకి పాలు పడవు. చిన్నప్పటి నుంచీ అంతే. గొర్రెల ఇంట పుట్టి పాలు పడని పిల్లని చూసి ఊరంతా నవ్వేవారు. ఇక్కడా ఆమె తాగేది నల్ల టీయే.

ఆమె చూపు పెరుగు గిన్నె మీద ఆగింది. పాలు తాగేవాడికి చలి లేదు. పాలు తాగని తనకే ఉంది.

"ఆ చెయ్యి కడుక్కుని బిందెలో పెట్టండి."

"అన్నం మధ్యలో ఇదేం పూజ?"

"పెట్టండి."

మంచు పొర పగలగొట్టి మణికట్టు దాకా ముంచాడు. ఎడంచేత్తో పచ్చడి నంజుకుంటూ రేపు వెయ్యాల్సిన టీకాల గురించి చెప్పుకుపోతున్నాడు. ఆమె గడియారం చూస్తూ నిలబడింది. అయిదో నిమిషంలో తనే చెయ్యి పట్టి బయటకి లాగింది. తెల్లగా పాలిపోయి ఉంది.

"నొప్పి లేదా?"

"లేదు." అప్పటికి అతని మొహంలో నవ్వు లేదు. పశువుల డాక్టరే అయినా డాక్టరే కదా. "పూత పాలలోకి దిగిందంటావా?"

"చలి తెలిపే నరాన్ని మూసేస్తున్నట్టుంది."

"మరి దోల్గోర్ వాళ్ళ సంగతేంటి? వాళ్ళ లోయలో పూత లేదుగా. వాళ్ళూ అంతసేపే ఉంచారుగా."

"పొద్దున్నే దోల్గోర్ దగ్గరికి వెళ్తాను" అంది తిరుపతమ్మ.

తెల్లవారగానే జీపు బయటికి తీసింది. కోటిలింగం ప్రయోగశాల పాత వ్యానులో చులూన్ విడిదికి వెళ్తానన్నాడు. మధ్యాహ్నానికి గాలి లేస్తుందని రేడియోలో చెప్పారు. చులూన్ ఆసుపత్రిలో ఉన్నాడు, అతని భార్య ఒక్కతే నాలుగు వందల జీవాలని దొడ్డి కట్టలేదు. వెళ్ళొద్దనడానికి తిరుపతమ్మకి నోరు రాలేదు. కోటు తనే బొత్తాలు పెట్టింది. టోపీ చెవులమీదికి లాగింది. తోలు తొడుగులు వేయించింది.

"గంటకోసారి చేతులు చూసుకోండి. తెల్లబడితే చంకల్లో పెట్టుకోండి. మర్చిపోరు కదా?"

"పెళ్ళినాడు కూడా ఇంత ముస్తాబు చెయ్యలేదే నన్ను" అన్నాడు.

*

గట్టెక్కితే రెండు లోయలూ కనిపిస్తాయి. చులూన్ లోయలో గడ్డి పుల్లలు మంచుని చీల్చుకుని గోధుమరంగు చుక్కల్లా నిలబడ్డాయి. దోల్గోర్ లోయంతా గాజు పరిచినట్టు మెరుస్తోంది. నడుమ ఏటిమీద మంచు పగిలి, అడుగు నీళ్ళు పైకి పొంగి, ఆవిరి లేస్తోంది. చలి ముదిరినప్పుడు ఏరు అడుగుదాకా బిగుసుకుని, దారిలేని నీళ్ళు ఇలా మంచు మీదికే ఎగదన్నుకొస్తాయి.

దోల్గోర్ గెర్ లో పొయ్యి సన్నగా మండుతోంది. అరవై దాటిన మనిషి, చేతులు మోచేతుల దాకా మడిచి మాంసం కోస్తోంది. తిరుపతమ్మ కూర్చుందో లేదో, గుమ్మం తీసుకుని చులూన్ మేనకోడలు వచ్చింది. చేతిలో మూతపెట్టిన పాలక్యాను.

"మా అత్తమ్మ పంపింది" అని క్యాను దించింది.

దోల్గోర్ మూత తీసి పెరుగు తన కుండలోకి ఒంపుకుంది. క్యాను తుడిచి, అందులో నాలుగు మాంసం ముక్కలు వేసి, మూత పెట్టి, పిల్ల చేతికిచ్చింది.

తిరుపతమ్మ చూస్తూనే ఉంది. "అక్కా, ఇది రోజూ జరుగుతుందా?"

"ఏది?"

"వాళ్ళ పెరుగు మీ ఇంటికి రావడం."

"వాళ్ళ పెరుగొస్తుంది, మా మాంసం పోతుంది. మా వెన్న పోతుంది, వాళ్ళ ఎండు జున్నొస్తుంది."

"పరీక్షలు చేసినప్పుడు చెప్పాను కదక్కా. ఎవరి పాలు వాళ్ళే తాగాలని. మీరు ఒప్పుకుని వేలిముద్ర కూడా వేశారు."

"ఆఁ, తాగాం. మా పాలు మేమే తాగాం. ఇది పాలు కాదుగా, తిరిగొచ్చిన క్యాను." దోల్గోర్ ఆమెను వింతగా చూసింది. "వాళ్ళొక క్యాను పంపితే ఖాళీగా వెనక్కి పంపమంటావా? నేను పంపినదాన్ని వాళ్ళు ఖాళీగా పంపిస్తారా? ఏం డాక్టరమ్మా, మీ దేశంలో ఖాళీ గిన్నె పంపుతారా?"

తిరుపతమ్మకి తన ఊరు గుర్తొచ్చింది. పక్కింటి నుంచి కూరగిన్నె వస్తే, ఏమీ లేని రోజు అమ్మ అందులో పిడికెడు పంచదారైనా వేసి పంపేది. ఖాళీ గిన్నె పంపేవాళ్ళని ఆ ఊళ్ళో మనుషుల్లో జమకట్టేవారు కాదు. ఇంత తెలిసీ, రెండు విడుదుల మధ్య గట్టు ఒక్కటి చాలనుకుంది. ప్రయోగం చేసింది ఎవరి మీదో ఆ క్షణంలో తెలిసింది. ఈ రెండు లోయల్లో తిరిగేవాళ్ళలో పాలు ముట్టనిది తనొక్కతే. పోల్చి చూడటానికి పనికొచ్చే మనిషి తనొక్కతే.

విషయమంతా చెప్పింది. చులూన్ వేళ్ళ సంగతి చెప్పింది. వచ్చే ఏడు పూత ఆపించేస్తానంది. దోల్గోర్ కత్తి దించి శ్రద్ధగా విన్నది.

"నాకు వేళ్ళు పది" అంది చివరికి. "కిందటి జుద్‌లో నా మంద మూడు వందలు పోయింది. మా ఆయన ఆ కళేబరాలు పోగేసి పోగేసి, వసంతం రాకుండానే పోయాడు. మా లోయకి కూడా పూత వెయ్యమని నీ చుట్టూ ఎన్నిసార్లు తిరిగాను? ఇప్పుడు చులూన్‌కి ఉన్నది కూడా తీసేస్తానంటావు. వాణ్ణి అడుగు, వేళ్ళు కావాలా గొర్రెలు కావాలా అని."

"ప్రాణం పోతే?"

"చలి తెలిసిన రోజుల్లో పోలేదా ప్రాణాలు?"

బయట గాలి లేచింది. తిరుపతమ్మ జీపులోంచే రాజధానికి ఫోన్ చేసింది. పూత పని చూసే సంస్థ డైరెక్టర్ దావా నెమ్మదస్తుడు. అంతా విన్నాడు.

"ఒక్క మనిషి, మూడు వేళ్ళు" అన్నాడు. "దీని కోసం మూడు రాష్ట్రాల పని ఆపమంటారా? మీ పరీక్షే తప్పని మీరే అంటున్నారు. ఏ పరీక్షని నమ్మాలి నేను? నివేదిక రాసి పంపండి. చూద్దాం."

*

చులూన్ విడిదికి చేరేసరికి మూడు దాటింది. దారిలో ఏటి దగ్గర ప్రయోగశాల వ్యాను కనిపించింది. మంచు పైపెంకు విరిగి ముందు చక్రాలు పొంగునీళ్ళలో దిగబడ్డాయి. ఆ నీళ్ళు మళ్ళీ బిగుసుకుని చక్రాలని పట్టేశాయి. తలుపు తెరిచి ఉంది. లోపల ఎవరూ లేరు. తలుపు దగ్గర్నుంచి ఒడ్డుదాకా అడుగుజాడలున్నాయి. మొదటి పది అడుగులూ నీళ్ళలోంచే.

అక్కడి నుంచి విడిదికి నాలుగు కిలోమీటర్లు.

గెర్ తలుపు తోసింది. కోటిలింగం పొయ్యి పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. మొహం కళకళలాడుతోంది. చులూన్ భార్య టీ పోస్తోంది.

"రా రా! అన్నీ దొడ్లో పడ్డాయి. ఒక్కటీ పోలేదు. నువ్వు చెప్పినట్టే చేశా" అని రెండు చేతులూ చాపి చూపించాడు. ఎర్రగా, వెచ్చగా, వేళ్ళు పదీ బాగున్నాయి. "గంట గంటకీ చూసుకున్నా. కావాలంటే ఈమెని అడుగు."

"అవునక్కా. గొర్రెల మధ్య నిలబడి చేతులు చూసుకుంటుంటే, జాతకం చూసుకుంటున్నాడేమో అనుకున్నా" అని నవ్వింది చులూన్ భార్య.

"వ్యాను..."

"ఏట్లో దిగబడింది. రేపు లాగుదాం. నడిచొచ్చేశా, అదెంత దూరం!" ఒక కాలు ముందుకి చాపాడు. "ఇదిగో, ఈ బూటు రావట్లేదు. కాస్త లాగు."

తిరుపతమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. బూటు పట్టుకుంది. అది తోలులా లేదు. వేలి కణుపుతో కొట్టి చూసింది. కొయ్య మీద కొట్టినట్టు మోగింది. రెండోది కూడా అంతే. ఉదయం తొమ్మిదికి తడిసిన బూట్లతో అతను ఆరు గంటలు మంచులో తిరిగాడు.

ఆమె చేతులనే చెప్పింది. కాళ్ళ మాట చెప్పలేదు.

"ఏమైందే? అలా చూస్తావేం?" అన్నాడు కోటిలింగం, టీ ఒక గుక్క తాగి.

*

రాజధాని ఆసుపత్రిలో రెండు పాదాలూ చీలమండల పైదాకా తీసేశారు. కోటిలింగం నర్సులతో హాస్యాలాడాడు. చెప్పుల ఖర్చు తప్పిందన్నాడు. తిరుపతమ్మ మంచం పక్కన కూర్చుని నివేదిక రాసింది. ఏడవాలని ఆమెకి అనిపించలేదు. రాయాల్సినవి చాలా ఉన్నాయి. రాసింది. పాలు, పెరుగు, వెన్న, జున్ను ఏదీ అతనికి చెంచాడు కూడా ఇవ్వొద్దని మంచం తలాపున కాగితం అంటించింది. నరం మళ్ళీ తెరుచుకోవడానికి మూడు వారాలు పట్టొచ్చని ఆమె లెక్క.

తొమ్మిదో రోజు సంస్థ నిపుణుల సంఘం కూర్చుంది. పెద్ద బల్ల చుట్టూ ఏడుగురు, దావాతో కలిపి. ప్రతివాళ్ళ ముందూ పాలు పోసిన ఉప్పు టీ. తిరుపతమ్మ నివేదిక చదవలేదు. ఐస్ ముక్కలు నింపిన తొట్టి బల్ల మీద పెట్టించింది.

"అందరూ ఒక చెయ్యి పెట్టండి" అని తన చెయ్యి ముందు పెట్టింది.

చిన్నపిల్లల ఆటలా ఉందని నవ్వుతూ ఏడుగురూ పెట్టారు. ముప్పై సెకన్లకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నలభై రెండో సెకనుకి కేక పెట్టి చెయ్యి లాగేసుకుంది. గోళ్ళ కింద సూదులు దించుతున్నట్టుంది. ఆ ఏడుగురు చేతులు నీళ్ళలోనే ఉంచి ఆమె వంక చూస్తున్నారు. ఒక నిమిషం. రెండు. గదిలో నవ్వులు ఆగిపోయాయి. మూడో నిమిషంలో దావా తన చేతిని తనే బయటికి తీసి, ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. ఈ నగరానికి ఎక్కువగా పాలొచ్చేది ఆ మూడు రాష్ట్రాల నుంచే.

"ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నాడు.

"పూతని చంపే మందు నా దగ్గరుంది. మూడు రాష్ట్రాల్లోనూ చల్లాలి. ఈ ఏటి పాలు పారబొయ్యాలి."

"నడి చలికాలంలోనా? పూత తీసిన మర్నాడు ఎండ కాస్తే?"

జవాబు అందరికీ తెలుసు. నలభై లక్షల జీవాలు. రెండు గంటలు వాదించుకున్నారు. చివరికి పూత వసంతం దాకా ఉంచాలన్నారు. ఇంటింటికీ చేతికి కట్టుకునే థర్మామీటర్లు పంచాలన్నారు. ప్రజలని హెచ్చరించాలన్నారు. హెచ్చరిక తిరుపతమ్మే రాసింది. మర్నాడు పత్రికలన్నిటిలో మొదటి పేజీలో వచ్చింది. ఈ రాష్ట్రాల పాలు తాగినవారికి చలి తెలియదు, జాగ్రత్త.

*

పంతొమ్మిదో రోజు ఉదయం కోటిలింగం నిద్రలోంచి కదిలాడు.

"తిరుపతమ్మా, దుప్పటి కప్పవే. చలిగా ఉంది."

ఆమె పెన్ను పక్కన పడేసింది. లేచి దుప్పటి కప్పింది. ఇంకొకటి తెచ్చి దాని మీద కప్పింది. అతని నుదుటి మీద చెయ్యి వేసి నిలబడింది. ఈ మాట కోసం రోజులు లెక్కపెట్టుకుంది.

"తగ్గిందా?"

"లేదే. కాళ్ళకి."

ఆమె చెయ్యి ఆగింది.

"పాదాలు నీళ్ళలో ఉన్నాయే. ఏటి నీళ్ళలో. తియ్యి."

"పాదాలు లేవండీ."

"నాకు తెలుసే లేవని! తియ్యవే!"

మధ్యాహ్నానికి అరుపులు వరండా చివరిదాకా వినిపించాయి. ఆ రోజు ఆరు గంటలపాటు మూసుకుని ఉన్న నరం, ఇప్పుడు తెరుచుకుని లెక్క అప్పజెబుతోంది. మత్తు సూదులు వేశారు. పెద్ద డాక్టరు వచ్చి మరో మందు వేశాడు. గంటసేపు మూలిగి, మళ్ళీ మొదలుపెట్టాడు. లేని పాదాలకి దుప్పటి కప్పలేరు. లేని పాదాలని పొయ్యి దగ్గర పెట్టలేరు. మూడు రోజులు అన్నం తినలేదు, కన్ను మూయలేదు. నాలుగో రోజు గొంతు పోయింది. పెదాలు కదిపితే ఆమె వంగి విన్నది.

"ఒక్క గిన్నె పెరుగు."

"వద్దండీ. మళ్ళీ మొదటికొస్తుంది."

"రానీ. ఇంకేం పోవాలి నాకు? ఈ గదిలో నన్ను చలేం చేస్తుంది?" ఊపిరి తీసుకున్నాడు. "నువ్వే రాశావుగా, చలి తెలియదని. ఆ కాగితం నాకెందుకే?"

పెద్ద డాక్టరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అతను అవుననలేదు, కాదనలేదు. చేతిగడియారం వంక చూసుకుని వెళ్ళిపోయాడు.

తిరుపతమ్మ మంచం తలాపున కాగితం చూసింది. అది తన చేతిరాతే. కోటు వేసుకుని బయటికి నడిచింది.

సంత ఆసుపత్రికి రెండు వీధుల అవతల. బొగ్గుపొగ ఊరి మీద బూడిద దుప్పటిలా ఆని ఉంటుంది ఈ రోజుల్లో. కొండవాలు మీది గుడారాల్లో పేదవాళ్ళు పొద్దస్తమానం బొగ్గు కాలుస్తారు. ఇవాళ ఆకాశం కనిపిస్తోంది. ఆమె తలెత్తి చూసింది. వాలు మీద వందల గుడారాలు. పొగ వస్తున్న గొట్టాలు పదో పాతికో.

పాలబిళ్ళలు అమ్మే వరుసలో ఒక్క దుకాణం ముందే జనం బారు తీరారు. దుకాణం నెత్తిన పత్రిక ముక్క అంటించి ఉంది. ఆమె రాసిన హెచ్చరికే. చలి తెలియదు అన్న మాటల కింద ఎవరో ఎర్ర సిరాతో గీత గీశారు.

బారులో ఎవరికీ కోట్లు లేవు. ఆమె ముందున్న ఆడమనిషి చంకలో పసిబిడ్డ ఉంది. బిడ్డ తలకి టోపీ లేదు. హాయిగా నిద్రపోతోంది.

"బిడ్డకి కప్పండమ్మా" అంది తిరుపతమ్మ.

"ఏడవట్లేదుగా!" అంది ఆ మనిషి. తిరిగి చూసి, తిరుపతమ్మ దవడలు కొట్టుకుంటుంటే జాలిపడింది. "మొదటిసారా అక్కా? కిందటి వారం నేనూ ఇలాగే వచ్చాను. ఒక్క బిళ్ళ కరిగించి తాగండి. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది. బొగ్గు మూట కొనే పని లేదు."

తిరుపతమ్మ తన మెడలో మఫ్లరు తీసి బిడ్డ తలకి చుట్టింది. ఆ మనిషి వద్దనలేదు, అక్కర్లేనట్టు నవ్వి ఊరుకుంది. మెడ మీదికి గాలి కత్తిలా దిగింది. బారు ఒక్కొక్క అడుగే జరిగింది.

"ఎంతమందికి?" దుకాణంవాడు గోతాంలో చెయ్యి పెట్టి అడిగాడు. "మనిషికో బిళ్ళ. ఇంకా కావాలంటే రేపు రండి. మీకూ ఇంట్లోవాళ్ళకీ కలిపి ఇవ్వనా?"

ఆమె చేతుల్ని కోటు జేబుల్లోంచి తీసింది. వేళ్ళ చివర్లు మండుతున్నాయి.

"ఒక్కరికే" అంది.